మూడు లేసు పువ్వుల లెక్క

నా చిన్నప్పుడు, తొమ్మిదో తరగతిలో, లెక్కల్లో నా అంతటిది లేదనుకునేదాన్ని. ఆ గొప్పతోనే ఒకరోజు క్లాసులో ఎవరికీ రాని లెక్కను "రేపు బోర్డు మీద నేను చేస్తానండి" అనేశాను. రెండు, మూడు, నాలుగు సెంటీమీటర్ల వ్యాసార్ధాలతో మూడు వృత్తాలు గియ్యాలి. ప్రతిదీ మిగతా రెండింటినీ తాకాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు.

ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది నా గొప్ప. రెండు వృత్తాలు బుద్ధిగానే తాకేవి. మూడోది మాత్రం ఒకదాన్ని తాకితే రెండోదాని మీదికి ఎక్కేది, లేదంటే దూరంగా ఉండిపోయేది. చెరిపి చెరిపి కాగితానికి చిల్లుపడింది. మర్నాడు క్లాసంతా నవ్వుతుందని ఏడుపొచ్చేసింది.

పక్కనే అరుగు మీద మా అమ్మమ్మ లేసు అల్లుతోంది. నరసాపురం చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్ళ లాగే ఆవిడ చేతిలోనూ ఎప్పుడూ సూదీ దారమూ ఉండేవి. సంగతేంటని అడిగితే "నీకు తెలీదులే, ఇది చదువు" అని కసిరాను. అక్షరం ముక్క రాని మనిషని నాకు చులకన. ఆవిడ ఏమీ అనుకోకుండా బొమ్మ వంక కాసేపు చూసి, తను అల్లిన గుండ్రటి పువ్వులు మూడు, మూడు సైజులవి, నా ముందు పెట్టింది.

"అంచులు చూడకమ్మలూ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అంచులు చూసి అతికేస్తారు, లేసంతా ముడతలొచ్చేస్తాది. ముందు నడిమధ్యలు కుదుర్చుకోవాలి" అంది. పెద్ద పువ్వు మధ్య నుంచి అంచుదాకా దారం కొలిచి, దానికి చిన్న పువ్వు కొలత కలిపి, అంత దూరంలో దిండు మీద రెండు గుండుసూదులు గుచ్చింది. మూడో పువ్వు కొలతనీ ఆ రెండింటితో విడివిడిగా కలిపి, రెండు సూదుల నుంచీ దారాలు లాగి, కొసలు కలిసిన చోట మూడో సూది గుచ్చింది. వాటి మీద పువ్వులు పెడితే మూడూ ముద్దుగా తాకాయి.

నాకు ఒళ్ళు పులకరించింది. రెండూ మూడూ ఐదు, రెండూ నాలుగూ ఆరు, మూడూ నాలుగూ ఏడు. ఆ భుజాలతో త్రిభుజం గీస్తే దాని మూలలే కేంద్రాలు.

మర్నాడు బోర్డు మీద ముందు త్రిభుజం గీస్తుంటే, వృత్తాలు గియ్యమంటే ఇదేంటని అందరూ నవ్వారు. మూడో వృత్తం వచ్చి మిగతా రెండింటినీ తాకేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఎవరు నేర్పారని మాస్టారు అడిగారు. నేనే కనిపెట్టానని చెబుదామని ఒక్క క్షణం ఆశపడ్డాను. కానీ "మా అమ్మమ్మండి" అన్నాను.

ఆ సాయంత్రం మాస్టారు సైకిలేసుకుని మా ఇంటికొచ్చారు. అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని, దారంతో ఎలా కొలిచిందో మళ్ళీ చేసి చూపించమన్నారు. అమ్మమ్మ సిగ్గుపడుతూ, నవ్వుతూ చూపించింది. నాకు పట్టలేనంత సంతోషం.

మా అమ్మమ్మ గురించి ఇన్నేళ్ళలో ఎంతోమందికి చెప్పాను. ఆవిడకు చదువు రాదని మాత్రం ఆ రోజు తర్వాత ఒక్కరితోనూ అనలేదు.