మా అత్త దించిన జడ

శృంగవరపుకోటలో అరకు రోడ్డు మీద మాకొక టిఫిన్ హోటల్ ఉండేది. ఆదివారం పదిన్నరకల్లా ఇడ్లీలు అయిపోయేవి. ఒంటిగంటకి గానీ భోజనాలు మొదలయ్యేవి కావు. ఆ మధ్యలో కొండకెళ్లే కార్లు ఆగి, ఖాళీ బల్లలు చూసి కదిలిపోయేవి. నాకు ఒళ్లు మండేది. పొయ్యి వెలుగుతుండగా బేరం వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

మా దోశల మాస్టరుకి యాభై దాటాయి. ఆయన్ని నేను మావా అని పిలిచేదాన్ని. ఒకప్పుడు ఆయన భాగోతాల్లో ఆడవేషం కట్టేవాడు. అట్టు తిరగేసేటప్పుడు ఆయన మణికట్టు చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. ఎనిమిదేళ్ల క్రితం గజపతినగరం వైపు ఒక అమ్మవారి తీర్థంలో తాగినవాళ్లు కొందరు ఆట మధ్యలో జొరబడి, ఆయన జడ పట్టుకుని రోడ్డు దాకా లాక్కెళ్లారట. ఆ రోజు వేషం పెట్టెకి వేసిన తాళం మళ్లీ తీయలేదు.

నేనే బతిమాలాను. ఆదివారం పదకొండింటికి ఒక గంట ఆట, తినడానికి గారెలు, నాటుకోడి కూర, పెసరట్టు, కాఫీ. టిఫినూ కాదు, భోజనమూ కాదు. మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అట్లకాడ పక్కన పెట్టి చెప్పాడు.

"నవ్వితే నవ్వనీ అమ్మా, నవ్వించడానికే కడతాను. మరొక్కసారి నా జడ మీద సెయ్యి పడిందా, పెట్టి తీసుకెళ్లి గెడ్డ నీళ్లల్లో పారేస్తాను."

పడనివ్వనని మాటిచ్చాను.

ఈ జడ సంగతి చెప్పాలి. భాగోతంలో ఆడవేషం కట్టినవాడు తెరకి వీపు పెట్టి నిలబడి, ముందుగా తన పొడుగాటి జడని తెర మీంచి జనం వైపు వేస్తాడు. నాకు సాటి ఎవరైనా ఉంటే రండి అని దాని అర్థం. ఎవరైనా ఆ జడ దించితే వాదానికి దిగినట్టే. వేషగాడు అడిగినదానికి జవాబు చెప్పాలి, లేకపోతే ఓడిపోయామని ఒప్పుకోవాలి. వేషగాడే ఓడిపోతే మాత్రం ఆ జడ వాళ్లకి ఇచ్చేసి వేషం మానుకోవాలి. అందుకే ప్రతి ఆదివారం ఆటకి ముందు నేను గరిటె పట్టుకుని నిలబడి, జడ జోలికి ఎవరూ పోవద్దని చెప్పేదాన్ని. గరిటె చూసి అందరూ వినేవారు.

మొదటి ఆదివారం పట్టుమని పదిమంది లేరు. మూడో ఆదివారానికి విజయనగరం నుంచి ఫోన్లు చేసి బల్లలు అట్టేపెట్టమన్నారు. మాస్టరు పట్టుచీరలో బల్లల మధ్య తిరుగుతూ, కొత్త జంటల్ని ఆటపట్టిస్తూ, కోడికూర ఘాటుగా ఉందన్నవాళ్ల మీద అలుగుతూ ఉంటే, ఆయన బావమరిది మద్దెల వాయిస్తూ వంత పాడేవాడు. జనం నవ్వుల్లో పడి కాఫీలు చల్లార్చుకునేవారు. వారమంతా పొయ్యి మీదికి వంగి ఉండే మనిషి ఆ గంటసేపు నిటారుగా ఉండేవాడు. అది చూస్తే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

ఒక తప్పు మాత్రం చేశాను. మా అత్తకి చెప్పలేదు. మాది బాప్టిస్టు సంఘం. ఆదివారమంటే ఆవిడకి తెల్లచీర, బైబిలు, ఆరాధన అయ్యాక స్త్రీల కూడిక. ఒంటిగంటకి గానీ వచ్చేది కాదు. అప్పటికి మాస్టరు ముఖం కడుక్కుని చొక్కా వేసేసుకునేవాడు. దేవుడి దగ్గర దాచలేనిది అత్త దగ్గర దాచొచ్చనుకున్నాను.

నాలుగో ఆదివారం కూడిక నడిపే ఆవిడకి జ్వరం వచ్చింది. పదకొండింటికి, ఆట అప్పుడే మొదలవుతుండగా, మా అత్త హోటల్లో అడుగుపెట్టింది. బల్లలన్నీ నిండి ఉన్నాయి. మద్దెల మోగుతోంది. తెర మీంచి వేలాడుతున్న జడ కుచ్చులు పక్క బల్ల మీది గారెల పళ్లానికి తగులుతున్నాయి. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, తిండి దగ్గర ఈ వెంట్రుకలేమిటని విసుక్కుంటూ ఒక్క లాగు లాగింది. జడ సవరంతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

మద్దెల ఆగిపోయింది. తెర పట్టుకున్నవాళ్లు కంగారులో తెర వదిలేశారు. మాస్టరు జడ ఊడిన బోసి మెడతో నిలబడి ఉన్నాడు. ఆవిడకి తెలీదు మావా అంటూ నేను పరుగెత్తాను. ఆయన నన్ను చూడలేదు. తలొంచుకుని వంటింటి వైపు నడిచాడు. ఆ గుమ్మం దాటితే ఇక వేషం కట్టడని నాకు తెలుసు. ఏడుపొచ్చేసింది.

మా అత్త అప్పటికి తన చేతిలో ఉన్నదేమిటో చూసుకుంది. ఆవిడ పుట్టిల్లు శ్రీకూర్మం పక్క పల్లె. చిన్నప్పుడు ఇంట్లో తెలీకుండా భాగోతాలు చూసేదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

"ఆగు. జడ దించినాను గదా, అడగవేటి?" అంది.

మాస్టరు గుమ్మం దగ్గర తిరిగి చూశాడు.

"ఆడదాని నడక సెప్పు."

"ఏ ఈడు ఆడదాని నడక?"

ఆవిడ బైబిలు నా చేతికిచ్చి, మోకాళ్ల నొప్పులతోనే బల్లల మధ్య నడిచింది. ముందు నీళ్లబిందె ఎత్తుకున్న పిల్లలా నడిచింది. తర్వాత నెలలు నిండిన మనిషిలా. చివరికి, రోజంతా ఊడ్పులు చేసి నడుం పట్టేసి గట్టు మీద వస్తూ, ఇంట్లో ఇంకా పొయ్యి వెలగలేదని గుర్తొచ్చి అడుగు పెంచిన ఆడదానిలా నడిచింది. పదిహేనేళ్లుగా ఆ నడక మా ఇంట్లో చూస్తూనే ఉన్నాను. అది ఆవిడ విసురు అనుకున్నాను. సిగ్గేసింది.

మాస్టరు కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి ఆవిడ వెనకే నడిచాడు. మొదటిసారి కుదరలేదు. ఆవిడ ఆయన నడుం మీద చెయ్యేసి సరిచేసింది. రెండోసారి కుదిరింది.

"మా గురువు పెళ్లికూతురి నడక కాడే ఆపేసినాడమ్మా. ఇది నేర్పనేదు. నేను ఓడిపోనాను," అన్నాడు.

"అయితే ఈ జడ నాదే గదా. నాది నేను ఎవులికైనా ఏస్తాను. కూకో," అంది మా అత్త.

ఆయన కింద కూర్చున్నాడు. అంతమంది చూస్తుండగా ఆవిడ కుర్చీలో కూర్చుని ఆయనకి జడ వేసింది. వేస్తూనే, నా దగ్గర దాస్తావా అని నన్ను తిట్టింది. వచ్చే ఆదివారం కూడిక పెందరాళే ముగించి అందరినీ తీసుకొస్తానని, ఆట పన్నెండింటికి పెట్టమని చెప్పింది.

అన్నట్టే తీసుకొచ్చింది. ముందు బల్లల నిండా తెల్లచీరలే. తెర వెనక మాస్టరు కుచ్చిళ్లు మళ్లీ మళ్లీ సర్దుకుంటున్నాడు. భయంగా ఉందా మావా అని అడిగాను.

"ఇన్నాళ్లూ నవ్వుకోడానికి వొచ్చినోళ్ల ముందు ఆడినాను. ఇయ్యాల తెలిసినోళ్లు కూకున్నారమ్మా, తప్పు నడిస్తే ఊరుకోరు," అన్నాడు.

అని నవ్వి, తెరకి వీపు పెట్టి, జడని తెర మీంచి వాళ్ల వైపు వేశాడు.