మా పిన్నిగారు తలుపు తీసిన ఇల్లు

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒట్లు పెట్టకూడదని మా ఇంట్లో చిన్నప్పట్నించీ నేర్పేరు గానీ, నా సంగతి తెలిసినవాళ్ళెవరూ ఒట్టు లేకుండా నన్ను నమ్మరు కనక, గోదావరి నీళ్ళు దోసిట్లో పట్టుకుని మరీ చెబుతున్నాను (ప్రస్తుతానికి కుళాయి నీళ్ళే, అవీ గోదావరివే లెండి).

ఆ రోజుల్లో ఆటంటే ఆటలా ఉండేది కాదండీ, సంసారంలా ఉండేది. ఇప్పటి ఆటల్లో ఏముంది? బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు పోవడం, కొట్టమన్నవాణ్ణి కొట్టడం, పెట్టింది పుచ్చుకోవడం. మా ఆట అలాక్కాదు. దేశదేశాలవాళ్ళు ఫోను తీగల మీదుగా వచ్చి, కత్తులూ మంత్రాలూ పట్టుకుని తిరిగే ఆ రాజ్యంలో మనం ఏం చెయ్యాలో చెప్పే నాథుడే లేడు. రొట్టెలు కాల్చుకుంటానంటే కాల్చుకో, బట్టలు కుట్టుకుంటానంటే కుట్టుకో. చచ్చిపోతే ఒంటిమీద ఉన్నదంతా అక్కడే రాలిపోయేది, దారినపోయేవాడు నింపాదిగా ఏరుకునేవాడు. సాటి ఆటగాళ్ళని చంపేవాడి పేరు మాత్రం నెత్తిమీద ఎర్రగా కనపడేది. అది చూస్తే చాలు, అందరూ చెప్పులొదిలి పరిగెట్టేవారు. నేను డ్రాగన్ల జోలికి పోకుండా చేపలు పట్టుకునేవాణ్ణి. బస్సెక్కితే అంతర్వేదిలో అసలు సముద్రమే ఉంది, అక్కడ నా జన్మలో ఒక్క చేప పట్టి ఎరగను. అమలాపురంలో కుర్చీలో కూచుని మాత్రం టన్నుల కొద్దీ పట్టేను.

డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. అప్లికేషన్లు పెట్టుకోవాలన్న వంకతో రాజోలు నించి అమలాపురంలో మా పిన్నిగారింట్లో మకాం పెట్టేను. అసలు కారణం, వాళ్ళింట్లో కంప్యూటరూ ఫోనూ రెండూ ఉండడం. నేను ఆటలో ఉన్నంతసేపూ ఫోను పలికేది కాదు. "ఒరే, మనం ఊరొదిలి పోయేమనుకుంటున్నార్రా చుట్టాలు," అని బాబాయిగారు వాపోయేవారు. పిన్నిగారు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆవిడ మాత్రం కాఫీ తెచ్చి పక్కన పెట్టి, "ఇవాళేం పడ్డాయిరా?" అని అడిగేవారు.

బయట నాకు 'ఖాళీగా ఉన్న కుర్రాడు' అని పేరు. ఆ రాజ్యంలో మాత్రం సముద్రపొడ్డున సొంత ఇల్లున్న గృహస్థుణ్ణి. చేపలమ్మి, నానా చాకిరీ చేసి కట్టుకున్న రాతి ఇల్లు. మడత బట్టలూ, చెక్కలూ ఒకదానిమీద ఒకటి పేర్చి అందులో హార్మోనియం లాంటిది కూడా తయారుచేశాను (మోగదు, చూడ్డానికే). గోడమీద ఒక కత్తి. మునిగిపోయిన ఓడలోంచి నా గాలానికి తగిలి పైకొచ్చింది. అలాంటిది మరొకటి ఆ రాజ్యంలో ఎవరి దగ్గరా నేను చూళ్ళేదు. లోకంలో నాకంటూ ఉన్న ఆస్తీ, పరువూ ఆ ఇల్లూ, ఆ కత్తీనే. అయితే ఆ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిందీ, నా కొంప ముంచిందీ ఒకటే సదుపాయం: యజమాని అప్పుడప్పుడూ వచ్చి తలుపు తియ్యకపోతే ఇల్లు పాతబడేది. గుమ్మం దగ్గర చూస్తే 'కొంచెం పాతబడింది' అనీ, తరవాత 'బాగా శిథిలమైంది' అనీ, ఆఖరికి 'కూలబోతోంది' అనీ రాసుండేది. వారం తిరిగేసరికి కూలిపోవడమే. లోపలి సామాను వీధిన పడేది. అచ్చం మనుషుల ఇళ్ళలాగే!

ఇలా ఉండగా మా నాన్నగారి ఫోను (ఆటలో లేని ఘడియ చూసి ఎలా చేసేరో). "రాజోల్లో మన సంఘం మహాసభలు పెట్టేం. పందిట్లో వడ్డనకి మనుషులు చాలడం లేదు. వారం రోజులు వచ్చి పడు." మా నాన్నగారికి ఆయ్ అనడం తప్ప మరో మాట తెలిసిన కొడుకు మా వంశంలో లేడు. ఆయ్ అన్నాను. ఫోను పెట్టి వెనక్కి తిరిగితే ఏడుపొచ్చింది, వారం తలుపు తియ్యకపోతే ఇల్లు కూలుతుందని పిన్నిగారితో మొరపెట్టుకున్నాను.

"ఓస్, తలుపు తియ్యడమేగా? ఊరెళ్ళినవాళ్ళిల్లు చూసిపెట్టడం నాకు కొత్తా?" అన్నారు పిన్నిగారు.

ఎలా నడవాలో, తలుపెలా తియ్యాలో, మాటలెలా కొట్టాలో, వస్తువు ఎలా పట్టుకోవాలో అన్నీ నేర్పేను. "తియ్యి, మూసెయ్యి, వచ్చెయ్యి. అంతే పిన్నీ," అన్నాను. ఒక్కటి మర్చిపోయాను. కోనసీమ మనిషికి, తలుపు తీశాక ఎదురుగా మనిషి కనిపిస్తే, మళ్ళీ మూయడం చేతకాదు.

వారం రోజులు పందిట్లో సాంబారు బకెట్టు మోస్తూ, మనసంతా ఆ గుమ్మం మీదే పెట్టుకుని, అమలాపురం వచ్చిపడ్డాను. పిన్నిగారు మొహం వెలిగిపోతూ ఎదురొచ్చేరు.

"ఇల్లు నిక్షేపంలా ఉందిరా! ఎంత మంచివాళ్ళనుకున్నావ్! రోజూ వచ్చేరు."

"ఎవరొచ్చేరు పిన్నీ?"

"అందరూనూ. గుమ్మంలో నిలబడితే భోజనం చేసేరా అని అడిగేను. లేదన్నారు. నీ చేపలుంటే పెట్టేను. చలి దేశంలా ఉంది, ఒంటిమీద సరైన గుడ్డ లేదు పాపం, హార్మోనియం విప్పేసి బట్టలిచ్చేను."

నేను కంప్యూటరు ముందు కూలబడ్డాను. ఇల్లుంది. నాలుగు రాతిగోడలూ తళతళా మెరుస్తున్నాయి. లోపల చేప లేదు, కుర్చీ లేదు, పెట్టె లేదు, గోడమీద కత్తి లేదు.

"కత్తేది పిన్నీ?"

"అది మాస్టారికిచ్చేను."

"ఏ మాస్టారు?"

"పేరు ఎర్రక్షరాల్లో ఉందిరా. మా బళ్ళో ఎర్ర సిరా వాడేది మేమే కదా, మన డిపార్టుమెంటే అనుకున్నాను. తోటి టీచరు ఇంటికొస్తే చేపముక్క పెట్టి పంపిస్తామా?"

"వాడు హంతకుడు పిన్నీ! వాణ్ణి చూసి ఊళ్ళకి ఊళ్ళు పారిపోతాయి!"

"ఛ, అలా అనకూడదు. ఎంత మర్యాదగా థాంక్సు చెప్పేరో ఆయన."

ఆ పూట అన్నం ముట్టలేదు. బాబాయిగారు లోపలికి తొంగిచూసి, "ఎవరైనా పోయేరా?" అనడిగేరు. పోయేరు బాబాయ్, నేనే, అన్నాను. అక్కడితో అయిందా? మర్నాటి నించి ఎవరెవరో నా గుమ్మంలోకి వచ్చి, "అమ్మగారు ఉన్నారా?" అనడగడం. లేరు, ఈ ఇల్లు నాది అంటే, అలాగా అని వెళ్ళిపోవడం. సొంతింట్లో నేను చుట్టాన్నయిపోయాను. కొన్నాళ్ళకి నాకు ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. తలుపు తియ్యడానికి ఎవరూ లేక ఆ ఇల్లు ఏ రోజున కూలిందో కూడా నాకు తెలీదు. ఇప్పుడు నా ఫోనులో ఉన్న ఆటలో కోట ఉంది. కూలదు, పాతబడదు, దాని తలుపు ఎవరూ తట్టరు. దాన్ని చూస్తే నాకు నీరసం వస్తుంది.

సరే, ఒట్టు పెట్టేను కాబట్టి ఒక ముక్క సరిచేసుకోవాలి. కత్తి పిన్నిగారు ఇవ్వలేదు. నేనొచ్చేసరికి గోడమీద అదొక్కటే మిగిలింది, 'వాడికి ఇష్టమైంది' అని ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. నేను బోడి ఇల్లు చూసి ఏడుస్తూండగానే ఆ ఎర్రపేరాయన మళ్ళీ గుమ్మంలోకి వచ్చేడు. వేటు వేస్తే నేను గోవింద. గబగబా తలుపు మూయబోతుంటే, వెనక నించి పిన్నిగారు, "అయ్యో, అంత దూరం నించి వస్తే ఒట్టి చేతులతో పంపుతావట్రా?" అన్నారు.

నా చేత్తో నేనే ఇచ్చేను. ఎందుకిచ్చేనని నన్నడక్కండి, మీరైనా ఇస్తారు. ఆయన కత్తి పుచ్చుకుని, నడుం వంచి నమస్కారం పెట్టి చెట్ల చాటుకి వెళ్ళిపోయేడు.

"చూసేవా, మాస్టారే," అన్నారు పిన్నిగారు.

ప్రతినమస్కారం ఏ మీట నొక్కితే వస్తుందో కంగారులో గుర్తు రాలేదు. కుర్చీలోంచి లేచి, ఆ కంప్యూటరుకి రెండు చేతులూ జోడించేను.