మావాడి తలలో బాదం గింజ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా క్యాంపస్‌లో క్లాసు జరిగితే వార్త, జరగకపోతే మామూలు. మాది తార్నాక, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. టీవీలో బంద్ అనగానే అమ్మ పాలు ఎక్కువ తెప్పించేది, నేను చెప్పులేసుకుని క్యాంపస్‌కు బయల్దేరేవాణ్ణి. క్లాసులు లేని రోజున కాలేజీకి వెళ్లడంలో నాకున్న శ్రద్ధ, ఉన్న రోజున ఎన్నడూ కనబడలేదు.

ఎమ్మే సైకాలజీలో నా పక్కన కూర్చునేవాడు నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. మావాడు అంటే వాడే. నన్ను ‘ఆంధ్రా’ అని పిలిచేవాడు. పొద్దున రోడ్డు మీద మమ్మల్ని వెళ్లిపొమ్మని నినాదాలిచ్చి, మధ్యాహ్నం మా ఇంట్లో గోంగూర రెండోసారి వడ్డించుకునేవాడు. “నువ్వు పోవాలె గానీ, అమ్మ ఉండాలె” అని రాజీ కూడా ప్రతిపాదించాడు.

వాడి చిక్కల్లా చెయ్యి. నోటికంటే ముందు లేచేది. ఒక బంద్ రోజు హాస్టల్ మెస్‌లో మళ్లీ పప్పు అడిగితే, వంట చేసే పెద్దాయన కళ్లు పెద్దవి చేసి చూశాడు. ఆయన్ని అందరూ తాతా అనేవాళ్లు. మావాడి స్టీలు ప్లేటు గాల్లోకి లేచింది. ప్లేటు గోడకు తగిలింది, అందులో మిగిలిన పప్పు తాతకు తగిలింది.

వారంలో కమిటీ ముందు హాజరు కమ్మని వార్డెన్ నోటీసిచ్చాడు. హాస్టల్ సీటు పోతే మావాడికి నగరంలో ఇంకో చోటు లేదు. మిగిలేది ఇల్లు. ఇల్లంటే నాన్న. ఆ నాన్న గురించి వాడు నాకు ఒక్కసారే చెప్పబోయాడు. బెల్టు అన్న మాట దగ్గర ఆగి, టీ తెమ్మన్నాడు.

అదే సమయంలో మా డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ చేస్తున్న అక్క, చిన్నప్పుడు దెబ్బలు తిని పెద్దయ్యాక గొడవల్లో పడ్డ కుర్రాళ్ల కోసం వెతుకుతోంది. ముఖాల ఫోటోలు చూపించి ఒక పరీక్ష, తర్వాత మెదడు స్కాను. నేను ఆమె ఫైళ్లు మోసేవాణ్ణి. మావాడి సంగతి చెప్పాను. అక్క వాడికి అంతా వివరంగా చెప్పి, ఇష్టముంటేనే రమ్మంది. వాడు వెంటనే సంతకం పెట్టాడు. అంత తొందర ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

లాప్‌టాప్‌లో ముఖాలు ఒక్కొక్కటే వస్తున్నాయి.

“కోపం. గిది గూడ కోపం. గీమెకైతే మస్తు కోపం.”

“భయపడుతోంది రా బాబూ ఆవిడ!” అన్నాను.

“నువ్వు బయటికి నడువు” అంది అక్క. గుమ్మం బయట నిలబడి మిగతాది విన్నాను. అంతా కోపమే.

పరీక్ష అయ్యాక అక్క నన్ను లోపలికి పిలిచి, వాడికి సరైన జవాబులు చెప్పింది. వాడు ఒప్పుకోలేదు. “కండ్లు గంత పెద్దగ జేస్తే కోపం గాక ఏందక్కా? మా నాయిన కండ్లు గట్ల జేసిండంటే నేను దర్వాజ దిక్కు ఉరికేటోణ్ణి.”

నాకో జోకు తోచింది. ఎందుకో పళ్ల మధ్యే ఆపేశాను.

మెదడు లోపల బాదం గింజంత భాగం ఒకటి ఉంటుందని అక్క చెప్పింది. “దెబ్బలు తిన్న పిల్లలల్ల కొందరికి గది ముప్పును జల్ది పసిగడుతది. అప్పుడు నిన్ను కాపాడింది. ఇప్పుడు ప్లేట్లు ఇసిరిపిస్తున్నది.”

మావాడి ముఖం వెలిగిపోయింది. “అయితే తప్పు నాది గాదు, గింజది! గదే ఒక కాయితం మీద రాసియ్యి అక్కా, వార్డెన్ సార్‌కు ఇస్త.”

“ఒక్కని మెదడు చూసి ఏం చెప్పరాదు. మందిని కలిపి చూస్తే కనబడే తేడా అది. గింజ ఎట్లున్నా చెయ్యి నీదే. నేను రాసియ్య.”

మావాడు కాగితం ఆశ వదులుకున్నాడు గానీ, స్కాను ఆశ వదులుకోలేదు. స్కాను అయ్యాక సెంటర్లో బతిమాలి తన మెదడు ఫిల్మ్ ఒకటి సంపాదించాడు. కమిటీ రోజున దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. తోడుగా నేనూ వెళ్లాను, గుమ్మం దగ్గర నిలబడటంలో నాకు అప్పటికే అనుభవం ఉంది.

వార్డెన్ జియాలజీ ప్రొఫెసర్. ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి, తిరగేసి, రాయిని చూసినంత శ్రద్ధగా చూశాడు.

“నాకైతే అంతా బాగానే ఉన్నట్టుందయ్యా.”

“గదే సార్ పరేషాన్” అన్నాడు మావాడు.

అప్పుడు తాతను లోపలికి పిలిచారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్లు పెద్దవి చేసి మావాడి వంక చూశాడు. మావాడి పిడికిలి బిగుసుకోవడం నేను చూశాను. సీటు పోయింది అనుకున్నాను. వాడు మా ఇంటికే చేరితే గోంగూర ఇక ప్రతిరోజూ మూడు పూటలా చేయాల్సి వస్తుందని కూడా అనుకున్నాను.

పిడికిలి అలాగే ఉంది. కానీ మావాడు నోరు తెరిచాడు.

“తాతా, ఒక్కటి అడుగుత. ఇప్పుడు నీ మొఖంల ఉన్నది కోపమా, భయమా?”

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తాతకు అర్థమైంది.

“భయం బిడ్డా. సార్ల ముంగట ఎన్నడన్న నిలబడ్డనా? ఆ దినం గూడ భయమే. బంద్‌కు సరుకు రాలే, పప్పు అడుగంటింది, సగం లైను ఇంకా నిలబడే ఉన్నది. నీకు ఏం జెప్పాల్నో తెల్వక చూసిన.”

మావాడు పిడికిలి విప్పాడు.

“కోపమనుకున్న తాతా. తప్పయింది.”

“అడగొచ్చు గదరా!” అన్నాడు తాత.

వార్డెన్ ఫిల్మ్ చుట్టి వాడి చేతికిచ్చాడు. సీటు ఉంటుంది, కానీ నెల రోజులు తాత పక్కన నిలబడి పప్పు వడ్డించాలి అన్నాడు. ఆ నెలలో ఒకసారి ఎవడో మాట తూలితే మావాడు గరిటె ఎత్తాడు కూడా. తర్వాత దాన్ని గిన్నెలో పెట్టి, బయటికి వెళ్లి, కుళాయి దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. లైను ఓపిగ్గా ఆగింది.

ఒక మధ్యాహ్నం గెస్టుగా నేనూ ప్లేటు పట్టుకుని ఆ లైన్లో నిలబడ్డాను. మావాడు నా ముఖం పరీక్షగా చూశాడు.

“ఏం ఆంధ్రా, కోపమా, భయమా?”

“ఆకలి.”

“గది పరీక్షల లేదు” అని, పప్పు రెండు గరిటెలు వేశాడు.