మిర్చి బస్తాల చీకట్లో వెలుతురు పాఠం

2023లో నేను మట్టెవాడలోని ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి ఏ సెక్షన్ టీచర్ని. బీ సెక్షన్ సునీత మేడమ్‌ది. మధ్యన ఒక్కటే గోడ. అటువైపు పిల్లలు నవ్వితే ఇటువైపు తలలన్నీ తిరిగేవి. నాకేం అసూయ లేదు. ఆ గోడ ఇంకాస్త మందంగా కట్టాల్సిందనుకునేవాణ్ని, అంతే.

ఆ వారం పాఠం, వెలుతురు వల్ల మనకెలా కనిపిస్తుందన్నది. మేడమ్ 'డార్క్ బాక్స్' చేశారు. అంటే చెప్పుల డబ్బాకు చూడ్డానికి ఒక కన్నం, లోపల బొమ్మ. మూత వేసి ఉంటే బొమ్మ కనబడదు, తీస్తే కనబడుతుంది. మర్నాడే మా క్లాసు అక్షయ వాళ్ల నాన్న వచ్చాడు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ.

"సార్, మా పిల్ల బీ సెక్షన్ల కూసుంటనంటాంది. జర మార్పియ్యున్రి."

నా క్లాసులో ప్రశ్నలు అడిగేది అక్షయ ఒక్కతే. ఆమె కూడా పోతే ఇక నేను చెప్పడం, వాళ్లు రాసుకోవడమే. "సోమవారం దాకా ఆగన్నా" అన్నాను. డబ్బా ఎందుకు, గదినే చీకటి చేస్తాననుకున్నాను. కిటికీలకు కట్టడానికి ఖాళీ గోనె బస్తాలు అడిగితే, "గదెంత పని సార్, ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు.

సోమవారం బస్తాలు కట్టి తలుపు మూశాను.

"ఏం కనబడుతోంది?"

"ఏం కనబడ్తలేదు సార్!"

"నాకు కనబడ్తాంది. సార్ నవ్వుతాండు" అన్నాడు వెనక బెంచీలో ఒకడు.

నేను నవ్వడం లేదు. నా గొంతు మండుతోంది. అవి మిర్చి బస్తాలు.

ఒకరు తుమ్మారు, తర్వాత అందరూ. కంగారుగా టార్చ్ వేసి బల్ల మీది టమాటా చూపించాను. ఒక్కరూ కళ్లు తెరవలేదు.

"లైటేసిండ్రా సార్?" అంది అక్షయ. "లైటుంటే ఏం లాభం, కండ్లు తెరుస్తలేం గదా!"

తుమ్ములు విని మేడమ్ పరుగెత్తుకొచ్చారు. అందరి మొహాలూ నల్లా దగ్గర కడిగించి, "అక్షయా, ఏమన్నవ్? మళ్ల చెప్పు బిడ్డా" అన్నారు. వెలుతురు వస్తువు మీద పడి, అక్కడి నుంచి మన కంట్లోకి రావాలి, కన్ను మూస్తే రాదని అక్కడే నిలబడి చెప్పేశారు. పాఠం నాది, బస్తాలు నావి, చప్పట్లు ఆమెకు.

మర్నాడు అక్షయ వాళ్ల నాన్న మళ్లీ వచ్చాడు. "పిల్ల ఈడనే ఉంటదట సార్."

"ఎందుకట?" అన్నాను, పొగడ్తకు సిద్ధపడి.

"ఆడ మేడమ్‌కు అన్నీ ముందుగాలనే తెల్సట. మీ క్లాసుల ఏమైతదో మీకు గూడ తెల్వదట."

చూపుకు వెలుతురూ, వస్తువూ సరిపోవు, తెరిచిన కన్ను కూడా కావాలని పాఠంలో ఉంటుంది. నేను దాన్ని చదివి దాటేసేవాణ్ని. ఇప్పుడు పిల్లల చేత కళ్లు మూయించాకే పాఠం మొదలుపెడతాను. మేడమ్ కూడా అలాగే చేస్తున్నారు. ఆమె చెబితే ఇంకా బాగుంటుందని అందరూ అంటారు. నేనైతే అంత తేడా ఉందనుకోను.