భీవండి పోయొచ్చిన డిమాండు సూత్రం

నవ్వం అని ఒట్టేస్తెనే చెప్త. మొన్న నా ఎకనామిక్స్ పాఠం నన్ను ఇంట్లనే ఇడిసిపెట్టి, అదొక్కటే బస్సెక్కి భీవండి పోయొచ్చింది! పోయి ఊకున్నదా? నా ఇజ్జత్ సుత ఎంబడి తీస్కపోయింది. ఏయ్ పద్మా, చాయ్ గిన్నె పట్టుకొని మెల్లగ వంటింట్లకు జారుకోకు. గీ కథల నువ్వు సుత ఉన్నవ్. కూసో.

మా సంగతి మీకెరికే కదా. సిరిసిల్లల మా గల్లీ మొగోళ్లు సగం మంది బొంబాయి కాడి భీవండిలనే ఉంటరు, అక్కడి సాంచాల మీద, గదే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసుకుంట. మా బాపు సుత గంతే. అవ్వకు సదువు రాదు. బాపుకు సంతకం ఒక్కటే వస్తది. ఇగ ఉత్తరం ఎవలు రాయాలె, ఎవలు సదవాలె? అందుకే మా ఇంట్ల ఉత్తరాలు క్యాసెట్ల పోతయి. అవ్వ ఇక్కడ మాట్లాడి నింపుతది. మా గల్లీ రాజేశం కాక పది దినాలకొకపారి భీవండికి సామాన్లు తీస్కపోయి తెస్తుంటడు, ఆయన చేతికిస్తది. బాపు అది విని, దాని మీదనే తన మాటలు నింపి మళ్ల కాకతోనే పంపుతడు.

అవ్వ మాటలు నింపేటప్పుడు మీరు సూడాలె! నేను ఎర్ర బటన్ ఒత్తంగనే కొంగు నెత్తి మీదికి గుంజుకుంటది. "ఈడ ఎవలున్నరని కొంగు కప్పుకుంటున్నవే?" అంటె, "మీ బాపు ఇంటుండు కాదే" అంటది. క్యాసెట్లన్ని ఒక్కతీరుగనే ఉంటయని, బాపుకు పోయేదాని మీద పసుపు బొట్టు పెట్టి గూట్ల పెడ్తది. బొట్టు ఉంటె బాపుది, లేకుంటె పాటలది. గీ బొట్టు సంగతి మర్చిపోకుండ్రి.

ఇగ నా ఇంటర్ పరీక్షలు దగ్గరవడ్డయి. ఎకనామిక్స్ అంటె నాకు పుస్తకం ముట్టబుద్ధి కాదు. మా అవ్వ ఒక ఒప్పందం పెట్టింది.

"సూడు స్వరూపా, పరీక్షలు ఒడిసేదాంక నీ వంతు బీడీలు నేనే చేస్త. నీ చేతులకు తంబాకు వాసన రావద్దు. కని మనసుల సదివితె నాకెట్ల ఎరుక? గట్టిగ సదువు. అరుగు మీదికి ఇనవడాలె."

గట్లనే మొదలువెట్టిన. నేను లోపలి అర్రల గొళ్లెం పెట్టుకొని సదువుడు, అవ్వ, పక్కింటి లచ్చవ్వ అరుగు మీద చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంట ఇనుడు. "ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నప్పుడు, ఒక వస్తువు ధర పెరిగిన డిమాండు తగ్గును, ధర తగ్గిన డిమాండు పెరుగును" అని నేను గొంతు చించుకుంటుంటె, బయటి నుంచి లచ్చవ్వ అంటది గదా, "ఎక్కువ ధర చెప్తె కొనరు, తక్కువ చెప్తె కొంటరు. గీ ముచ్చటకు ఇంత లావు పుస్తకమెందుకే? నన్నడిగితె నేనే చెప్తుంటి!"

అంతా మంచిగనే నడుస్తుండె. గప్పుడే వచ్చింది నా దోస్తు గీ పద్మ, చేతిల వీడియో గేమ్ పట్టుకొని! వాళ్ల మామ బొంబాయి నుంచి తెచ్చిండట. గదే, పైనుంచి ఇటుకలు పడుతయి, మనం తిప్పి తిప్పి వరుసలు నింపాలె. "రెండు దినాలు ఉంచుకోవే" అన్నది. రెండు దినాలు కాదు, రెండు నిమిషాల్లనే నాకు పిచ్చి పట్టింది. పుస్తకం తెరిస్తె అక్షరాలన్ని మీది నుంచి కిందికి పడుతున్నట్టే అనిపిస్తుంది. పొడుగు ఇటుక ఎప్పుడు వస్తదా అని ఒకటే పరేషాన్!

సదువుకుంట ఆడుదామని సూసిన. కాలే. నోరు "ధర పెరిగిన" అంటది, బొటనవేలు ఇటుకను వేరే దిక్కు తిప్పుతది. వేలు సక్కగ తిప్పితె నోరు ఆగిపోతది. నోరు ఆగితె అరుగు మీది నుంచి అవ్వ, "ఏమే, సప్పుడు లేదు?"

గప్పుడు సూపు టేప్‌రికార్డర్ మీద పడ్డది.

పాత పాటల క్యాసెట్ ఒకటి తీసిన, డిమాండు సూత్రం మొత్తం మినహాయింపులతోని సుత దాని మీద సదివిన. మంచిగ గొంతు పెట్టి, మాస్టర్ లెక్క. మూడో మినహాయింపు కాడ ఒక్కపారి దగ్గు వచ్చింది. పోనీతీ అని అట్లనే సదివిన. పాఠం ఒడిసింది, స్టాప్ ఒత్తుదామనుకునే లోపు ఎనక కిటికిల నుంచి పద్మ వచ్చి, "గేమ్‌కు కొత్త సెల్లులు తెచ్చిననే" అన్నది. ఇగ నేను టేపు సంగతే మర్చిపోయిన. ఇద్దరం ఏం మాట్లాడుకున్నమో గది సుత నిండింది. తర్వాత సూసి ఆపిన. చెరపలే. నా పాఠం ఆఖరుదాంక ఎవలు ఇంటరనుకున్న!

ఇగ సూడుండ్రి నా భోగం. గొళ్లెం పెట్టుడు, టేపు ఏసుడు, గోడకు ఒరిగి గేమ్ ఆడుడు. నా గొంతు నా తరఫున సదువుతుంటది. పాఠం ఒడువంగనే ఎనకకు తిప్పి మళ్ల ఏసుడు. అరుగు మీద అవ్వ ఖుష్. "మా బిడ్డకు ఒక్కటే పాఠం పది పార్లు సదివేదాంక నిద్ర పట్టది" అని లచ్చవ్వకు చెప్పుకునుడు నాకే ఇనవడ్డది. జర సిగ్గైంది. అబద్ధమెందుకు, జరనే అయింది. గప్పుడే పొడుగు ఇటుక వచ్చింది మరి.

కని దగ్గు ఉన్నది సూడుండ్రి, గది నన్ను సతాయించింది. రెండో దినం అవ్వ తలుపు కొట్టింది. దడుసుకొని టేపు ఆపి తలుపు తీస్తె, చేతిల మిరియాల కషాయం! "సదివినప్పుడల్ల గదే జాగల దగ్గుతున్నవేందే? మూడోదాని కాడికి రాంగనే దగ్గు వస్తది. తాగు." దగ్గు లేని గొంతుల మంట పెట్టుకొని తాగిన. మర్నాడు మళ్ల దగ్గు, మళ్ల కషాయం. వారం దినాలు తాగిన. టేపు దగ్గుడు, నేను తాగుడు!

ఎనిమిదో నాడు పగటాల్ల ఏమైందంటె, నా స్కోరు ఎన్నడు లేనంత పైకి పోయింది. ఇంకొక్క వరుస నింపితె పద్మ స్కోరు దాటుత. గప్పుడే బయట రాజేశం కాక లొల్లి. "వదినా, బస్సు జల్ది పోతుందట, క్యాసెట్ ఇస్తె ఇయ్యి!" అవ్వ చేతులకు తంబాకు ఉన్నది. "స్వరూపా, గూట్ల బొట్టు పెట్టిన క్యాసెట్ ఉన్నది, కాకకియ్యి!" అని కేకేసింది. పగటి సదువు ఒడిసిందని నా పాఠం క్యాసెట్ సుత గూట్లనే పెట్టిన, రెండు పక్కపక్కన ఉన్నయి. నేను సూడాలె కదా? సూడలే! ఒక చేతిల గేమ్, కండ్లు గేమ్‌ల, ఇంకో చేత్తోని తడుముకొని ఒకటి తీసి, తలుపు సందులకెళ్లి కాకకిచ్చిన. కాక జేబుల ఏస్కొని ఉరికిండు. నేను పద్మ స్కోరు దాటిన. గంతులేసిన.

సాయంత్రం గొళ్లెం పెట్టుకొని, టేపు ఏసి, గేమ్ చేతికి తీసుకున్న. టేపుల నుంచి అవ్వ గొంతు!

"ఇంటున్నవా? మంచిగున్నవా? నీ బిడ్డ మస్తు సదువుతుంది. పొద్దు మాపు సదువే. దాని గొంతు ఇనుకుంట బీడీలు చేస్తున్న, నాకు చేతులు నొస్తనే లేవు..."

టక్కున ఆపిన. క్యాసెట్ తిప్పి సూస్తె పసుపు బొట్టు! బస్సు పొలిమేర దాటి ఎంత సేపైతుందో. దాంట్ల నా పాఠం ఉన్నది. పాఠం ఎనక నేను పద్మ మాట్లాడుకున్న ముచ్చట ఉన్నది. అరుగు మీది నుంచి అవ్వ, "ఏమే, ఎవలో మాట్లాడినట్టైంది?" అన్నది. "ఎవ్వలు లేరే" అన్న. గీ ముక్క అంటుంటె ఏడుపు వచ్చింది. నిజంగ వచ్చింది. "చేతులు నొస్తనే లేవు" అన్న మాట చెవుల నుంచి పోతలేదు.

ఇగ చేసేదేముంది? ఆ క్యాసెట్ నా బట్టల కింద దాచిపెట్టిన. పుస్తకం తీసి నిజంగనే సదువుడు మొదలువెట్టిన. దగ్గకపోతె అవ్వకు అనుమానం వస్తది కదా, అందుకని మూడోదాని కాడికి రాంగనే నేనే దగ్గిన. కషాయం వచ్చింది. తాగిన. ఈపాలి న్యాయంగ తాగిన!

రేపు ఎకనామిక్స్ పరీక్ష అనంగ రాజేశం కాక దిగిండు, బాపు క్యాసెట్‌తోని. మా గల్లీల బాపు క్యాసెట్ వస్తె అందరు అరుగు మీదికి వస్తరు, ఆఖర్ల తమ తమ మొగోళ్ల మాటలు సుత రెండు ఉంటయని. అవ్వ కొంగు కప్పుకున్నది. లచ్చవ్వ చాట పక్కకు పెట్టింది. నేను టేపు పక్కనే కూసున్న.

మొదలు సాంచాల సప్పుడు. తర్వాత బాపు.

"ఇంటున్నవా? నేను మంచిగున్న. ఈపాలి నీ మాటలు రాలే. బిడ్డ పాఠం వచ్చింది."

అవ్వ నా దిక్కు సూసింది. నేను గోడ దిక్కు సూసిన.

"స్వరూపా, బిడ్డా! నువ్వు సదువుతుంటె నేను ఒక్కనాడు ఇనకపోతి. మంచి పని చేసినవ్. షిఫ్టు దిగి రోజు ఇంటున్న. మా రూంల ఉన్నోళ్లకు సుత నోటికొచ్చింది. 'ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నప్పుడు' అన్నవ్ సూడు, గది మాకు బాగ నచ్చింది. ఈడ మా పరిస్థితులు ఏమి మారతలేవు బిడ్డా, నీ సూత్రం మాకే రాసినట్టున్నది. గా క్యాసెట్ చెరపబుద్ధి కాలే. కొత్తది కొని మాట్లాడుతున్న."

అందరు నవ్విండ్రు. అవ్వ కండ్లు తుడుసుకొని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. బతికిపోయిన అనుకున్న!

"ఇగ పాఠం ఆఖర్ల నువ్వు పద్మ మాట్లాడుకున్నది సుత విన్న."

స్టాప్ బటన్ మీదికి దుంకిన. లచ్చవ్వ నా రెక్క పట్టుకున్నది. "ఉండే, మాట్లాడనీ పాపం!"

"వీడియో గేమ్ ఆడుతున్నవట. టేపు ఏసి మీ అవ్వను బోల్తా కొట్టిస్తున్నవట. ఆడుకో బిడ్డా, నెత్తికి సుత జర ఆరామ్ ఉండాలె. కని పరీక్ష ముంగట జర తక్కువ ఆడు. ఫికర్ చెయ్యకు, మీ అవ్వకు నేను చెప్ప. ఎవ్వలకు చెప్ప. గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉంటది."

అరుగు మీద పన్నెండు మంది ఉన్నరు.

అవ్వ తిడుతదనుకున్న. తిట్టలే. మెల్లగ అడిగింది, "అయితె నా మాటలు గాయనకు పోలేదానే?"

గా మాటకు నేను ఆగలే. లోపలికి ఉరికి, బట్టల కింది నుంచి క్యాసెట్ తెచ్చి ఆమె చేతుల పెట్టి ఏడ్సిన. "తప్పైందే అవ్వా. నువ్వు నా వంతు చేస్తుంటె నేను ఆడుకుంటి." అవ్వ బొట్టు మీద దుమ్ము కొంగుతోని తుడిసింది. తుడిసి, ఒక్కసారి అందుకున్నది.

"ఎనిమిది దినాలు నేను ఎవలి కోసం బీడీలు చేసిన్నే? టేప్‌రికార్డర్ కోసమా? ఇంట్ల మిరియాలన్ని ఒడగొట్టి కషాయం పోస్తి, గది సుత దాని దగ్గుకేనా?"

లచ్చవ్వ నవ్వి నవ్వి అరుగు మీదనే పండింది. అవ్వకు సుత నవ్వు వచ్చింది, కని నాకు కనవడకుండ మొకం తిప్పుకున్నది. పద్మా, నీ గేమ్ గప్పటి నుంచి మా తంబాకు డబ్బల ఉన్నది. వాసన పోయేదాంక ఎండకు పెట్టుకో.

తర్వాత పుస్తకం గుంజుకొని నన్ను ముంగట కూసోబెట్టింది. అక్షరం రానామె నాకు పరీక్ష పెట్టింది! "చెప్పు. ఇతర పరిస్థితులు..." మూడు మినహాయింపులు చెప్పిన. నాలుగోది యాదికి రాలే. మా అవ్వ పుస్తకం బోర్లేసుకొనే అంటది, "మూడోది చెప్పినంక దగ్గినవ్. దగ్గినంక, 'నాలుగవది, ధర ఇంకా పెరుగునను భయము' అన్నవ్. అన్నవా లేదా?" పుస్తకం తీసి సూస్తె అక్షరం పొల్లు పోలే!

మర్నాడు పరీక్షల గదే ప్రశ్న వచ్చింది. గబగబ మూడు రాసిన. నాలుగోది కాడ పెన్ను ఆగింది. ఎంత గింజుకున్నా రాలే. అటు ఇటు సూసి, మెల్లగ దగ్గిన. వచ్చింది! కాపలా ఉన్న సారు, "నీళ్లు తాగుతవా అమ్మా?" అన్నడు.

అవ్వ పాత మాటలు చెరపకుండ ఆ బొట్టు క్యాసెటే మళ్ల పంపింది. ఆఖర్ల ఒక్క ముక్క కలిపింది. కొంగు కప్పుకొనే కలిపింది: "నువ్వు బిడ్డ ముచ్చట మంచిగ దాచినవ్. నాకేం తెల్వదు."

ఇగ రిజల్ట్స్ రావాలె. పాసైతననే అనిపిస్తుంది. కని మీతోని చెప్తున్న, డిమాండు సూత్రం మా ఇంట్ల ముగ్గురికి వచ్చు. అవ్వ బీడీలు చేసుకుంట చెప్తది. బాపు సాంచ నడుపుకుంట చెప్తడు. దగ్గితె గాని యాదికి రానిది, ఇంటర్ సదివిన నాకొక్కదానికే!