బాగ్దాదు షరతు

దుబాయ్‌లో పెరుగు పులవదు. కొన్న రోజు ఎలా ఉంటుందో, వారం తర్వాతా అలాగే ఉంటుంది. అంత స్థిరచిత్తం పెరుగుకు పనికిరాదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం వినడానికి బర్ దుబాయ్‌లోని మా గదిలో అప్పట్లో ఒక్కడే ఉండేవాడు. మిగతా రెండు మంచాలూ కోవిడ్‌లో ఖాళీ అయ్యాక మళ్లీ నిండలేదు. ఆ ఒక్కడిదీ కడప దగ్గర పల్లెటూరు. ముసల్మాను, నాకన్నా కొంచెం పెద్ద, మా వీధిలోనే బట్టల అంగడిలో సేల్స్‌మన్. నేను భాయ్ అనేవాణ్ణి. అతను నన్ను సామీ అనేవాడు. నాలో అంత భక్తి పుట్టించే లక్షణాలేమీ లేవు, అది వాళ్లవైపు అలవాటు.

నేను తత్వశాస్త్రంలో ఎం.ఏ. ఆ చదువును గౌరవించి దుబాయ్ నాకిచ్చిన ఉద్యోగం, ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో బోర్డులు అచ్చువేసే ఫ్యాక్టరీలో ఇంగ్లీషు అక్షరాలు సరిచూడడం. 'ఇక్కడ వాహనాలు నిలపరాదు' వంటి గ్రంథాలు రోజూ చదివేవాణ్ణి.

ఇజ్రాయెల్‌తో రాకపోకలు మొదలైన కొత్తలో ఒక ప్రదర్శన కోసం పెద్ద బోర్డులు అచ్చుకొచ్చాయి. మధ్యయుగాల్లో యూదు పండితులూ ముస్లిం పండితులూ ఒకరి దగ్గర ఒకరు ఏం నేర్చుకున్నారన్నది విషయం. కైరోలో ఒక యూదు వైద్యుడు తన తత్వగ్రంథాన్ని అరబ్బీ భాషలో, హీబ్రూ అక్షరాలతో రాశాడట. తర్కం కావాలంటే ఫలానా ముస్లిం పండితుణ్ణి చదివితే చాలని, ఆ గ్రంథాన్ని అనువదిస్తున్న మరో యూదుడికి సలహా ఇచ్చాడట. ఎప్పుడో వదిలేసిన నా చదువు అడ్రసు కనుక్కుని ఫ్యాక్టరీకి వచ్చినట్టనిపించింది. ఉండబట్టలేక మేనేజరుతో, అంటే మా ముదీర్‌తో, చెప్పబోయాను.

"తప్పులున్నాయా?" అన్నాడు.

లేవన్నాను.

"ఖలాస్," అన్నాడు. జ్ఞాన వినిమయం అంతటితో ముగిసింది.

అందుకని శుక్రవారం భాయ్‌కి చెప్పాను. అప్పటికింకా సెలవు శుక్రవారమే. అతను జుమ్మా నమాజు చేసుకొచ్చేసరికి నేను వంట ముగించేవాణ్ణి. అరబ్బీని హీబ్రూ అక్షరాల్లో రాశారంటే అతనేమీ ఆశ్చర్యపోలేదు.

"మా అమ్మ అరబ్బీ దువాలన్నీ తెలుగు అక్షరాల్లోనే సదువుతాది. ఆయమ్మ ఫొటో గూడా ఒకటి తగిలించమను సామీ ఆ బోర్డు మింద."

అతన్ని పట్టేసింది మరో బోర్డు. వెయ్యేళ్ల కిందటి బాగ్దాదులో ముస్లింలు, యూదులు, క్రైస్తవులు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లు ఒకచోట కూర్చుని వాదించుకునేవారట. షరతు ఒక్కటే. ఎవరూ తమ మతగ్రంథాన్ని సాక్ష్యానికి తేకూడదు. ఎదుటివాడు దాన్ని నమ్మడు కదా. బుద్ధికి అందే కారణం చెప్పాలి.

"ఈ షరతు మా అంగట్లో పెట్టల్ల," అన్నాడు భాయ్. "వచ్చినోడల్లా ఆన్‌లైన్లో రేటు ఇట్లుంది అని ఫోను తీస్తాడు."

ఆ రోజు నుంచి మా శుక్రవారాలకూ ఆ షరతు వర్తించింది. లోకాన్ని దేవుడు ఒకనాడు మొదలుపెట్టాడా, లేక అది ఎప్పుడూ ఉన్నదేనా? ఆ పండితులు తరాల తరబడి కొట్టుకున్న ప్రశ్నను మేము పప్పు చల్లారేలోగా తేల్చేవాళ్లం. అతను ఖురాన్ అనకూడదు, నేను గీత అనకూడదు. 'మా నాయనమ్మ చెప్పేది' అని మొదలుపెట్టినా ఊరుకునేవాడు కాదు.

"ఆయమ్మ గూడా గ్రంథమే సామీ. పక్కన పెట్టు."

మిగతా రోజుల్లో నేనెవరితోనైనా ఒక పూర్తి వాక్యం మాట్లాడానో లేదో గుర్తులేదు. కంపెనీ బస్సుకు 'పదండి' అనే యల్లా, ఫ్యాక్టరీకి ఖలాస్ సరిపోయేవి. వారమంతా కారణాలు పోగుచేసుకుని శుక్రవారం ఖర్చుపెట్టేవాణ్ణి.

ఒక శుక్రవారం అతను అన్నం కలుపుతూ తల ఎత్తకుండా చెప్పాడు. "ఫుజైరా పోతాండా సామీ. మా బావమరిది అంగట్లో పని. ఆడ ఇండ్లు చవక. మీ వదినను పిలిపించుకుంటా. వచ్చే నెలే."

ఫుజైరా అంటే కొండల అవతలి తీరం, బస్సులో రెండు గంటలు. మంచి కబురన్నాను. మంచినీళ్లు తాగాను. తర్వాత, ఎందుకో, వాదం మొదలుపెట్టాను.

"ఫుజైరాలో ఏముంది భాయ్? కొండలు తవ్వే క్వారీలు, ఓడలకి ఆయిలు పోసే రేవు."

"ఆమె ఉంటాది."

"కొనేవాళ్లుండాలి కదా. ఇక్కడున్నంత జనం అక్కడేరి?"

"ఆడోళ్లు యాడున్నా గుడ్డలు కొంటారు."

"ఊసుపోదు నీకు. మరీ నిశ్శబ్దం."

"ఇన్నేండ్లు ఇంటానే ఉండా గదా ఈ రొద. చాల్లే."

షరతు నేనెక్కడా తప్పలేదు. కారణాలన్నీ బుద్ధికి అందేవే. ఓడిపోతున్నానని తెలిసి, ఆ పండితుల్ని పిలిచాను. ఆ కాలంలో అన్ని మతాలవాళ్లూ బాగ్దాదులోనే ఎందుకు పోగయ్యారు? ఎదురు చెప్పేవాడు అక్కడే దొరికేవాడు కనుక. మనిషి బుద్ధి ఒక్కటే కూర్చుంటే పెరగదు, పక్కన ఇంకో బుద్ధి ఉండాలి. ఇది ఏ మతమూ కాదనలేని సత్యం. అందువల్ల ఫుజైరా వెళ్లడం తర్కం దృష్ట్యా పొరపాటు. ఇలా చాలాసేపు చెప్పాను.

భాయ్ అంతా విన్నాడు. లేచి చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"నేను పోతాంటే బాధగా ఉందని చెప్పేదానికి, బాగ్దాద్ దాకా పోయి రావల్లనా సామీ?"