పక్కవాళ్ల గుప్పిట

సెన్సర్ పంపే వోల్టేజీని అంకెగా మార్చే కెర్నల్ డ్రైవర్లనే ప్రోగ్రాములు రాయడంలో మా టీమ్ లీడ్‌ది అందె వేసిన చేయి. ఆ చేయి మాత్రం సెన్సర్‌ను ముట్టేది కాదు. పరీక్షకు పక్కనున్నవాళ్ల గుప్పిట్లో దాన్ని పెట్టి, పైనుంచి గట్టిగా అదిమి పట్టుకునేవాడు.

మొయినాబాద్ దగ్గర ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే ఒక పాలీహౌస్‌లో టెంపరేచర్ సెన్సర్లు పెడుతూ, పూలు కోసే అవ్వ గుప్పిట పట్టుకున్నాడు. స్క్రీన్ మీద అంకె నూటరెండుకు ఎక్కింది.

“పొద్దటి సంది జెరమున్నది సారూ, ఇంటికి పోత,” అంది అవ్వ.

“జర ఆగవ్వా, డ్రైవర్ మస్తు పని చేస్తున్నది!”

ఆమె చేయి విడిపించుకొని, చేవెళ్ల బస్సు కోసం రోడ్డు పక్కన కూలబడింది. అతను సూపర్‌వైజర్‌ను పిలిచాడు.

“రేపు ఇంకో సెన్సర్ బోర్డు టెస్ట్ చేయాలె. ఫీవర్ తగ్గకముందే ఆమెను రమ్మను.”